పసుపులో సీసము – “కొంచెమే గదా” అనవచ్చునా?

ఒకనాడు పసుపు మార్కెట్టులో ఒక పెద్దాయన నన్ను ఆపి ఒక ప్రశ్న వేసినాడు. ఆయన పసుపు కళ్లములో ఆరుచుండగా వాన తగిలి కొమ్ముల రంగు మందగించినది. పంట మంచిదే, ధర మాత్రము ప్రక్క రాశి కంటె తక్కువ పలికినది. “పాలిషు పట్టేటప్పుడు రంగు పొడి వేయించుకొమ్మంటున్నారు సారూ. కొంచెమే గదా, తప్పేముంది?” అని అడిగినాడు. “వేయించవద్దు” అని మాత్రము అప్పుడు చెప్పితిని. ఆ ‘కొంచెము’ ఎంతయో లెక్కతో చెప్పుట నా విధి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పసుపునకు పట్టించు రంగులలో మిక్కిలి అపాయకరమైనది లెడ్ క్రోమేట్. ఇది పెయింట్లలో వాడుకకు వచ్చిన పదార్థము. దీని బరువులో నూటికి 64 పాళ్లు సీసమే. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు పసుపు విషయమై రెండు మాటలు చెప్పినవి. లెడ్ క్రోమేట్ బొత్తిగా ఉండరాదు. నేల వలన గాని, మరి ఏ విధముగా గాని చేరిన సీసము కిలోకు 10 మిల్లీగ్రాములకు మించరాదు. ఇక లెక్క చూడుడు. ఒక్క గ్రాము లెడ్ క్రోమేట్ 64 కిలోల పసుపులో కలిసిన చాలును, ఆ హద్దు నిండిపోవును. కొమ్ములు నిగనిగలాడునంతగా పట్టించినచో ఎన్ని రెట్లు దాటునో మీరే ఊహింపవచ్చును.

హద్దు లోపల ఉన్నచో అపాయము లేదా? ఇక్కడనే చాలమంది పొరపడుచున్నారు. చట్టము గీచిన గీత అధికారి ఎప్పుడు చర్య తీసికొనవలెనో చెప్పును గాని, దాని క్రింద అంతయు క్షేమమని చెప్పదు. పిల్లల రక్తములో సీసము ఎంత ఉన్నచో జాగ్రత్త పడవలెనో అమెరికా ఆరోగ్య శాఖవారు 1985లో డెసిలీటరుకు 25 మైక్రోగ్రాములుగా నిర్ణయించిరి. 1991లో దానిని 10కి, 2012లో 5కు, 2021లో 3.5కు దించిరి. పిల్లల శరీరము మారలేదు. మన తెలివి పెరిగినది. సీసమునకు అపాయము లేని మోతాదు ఏదియు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీయును. తల్లి ఎముకలలో నిలిచి, గర్భములోని శిశువునకు చేరును. పైకి ఏ గుర్తును కనిపించక పోవచ్చును.

కాబట్టి కిలోకు 10 మిల్లీగ్రాముల హద్దు చాల వదులుగా నున్నదని నా అభిప్రాయము. అట్టి పసుపు అర గ్రాము కూరలో తిన్న బిడ్డకు 5 మైక్రోగ్రాముల సీసము చేరును. బిడ్డకు రోజు మొత్తము ఆహారములో 2.2 మైక్రోగ్రాములు దాటరాదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో లెక్క కట్టినది. దుంప జాతి సుగంధ ద్రవ్యములకు ఐరోపా సమాఖ్య 2021లో కిలోకు 1.5 మిల్లీగ్రాముల హద్దు పెట్టినది.

“హద్దు బిగించినచో మా సరుకు తిరగగొట్టరా?” అని మీరు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. రంగు పట్టించని శుభ్రమైన పసుపులో సీసము సాధారణముగా స్వల్పముగనే యుండును. బిగింపు వలన నష్టపడువాడు ముఖ్యముగా రంగు కలుపువాడే. అయినను ముందుగా మన నేలలను, పంటను పరీక్షించి, రైతులకు వ్యవధి ఇచ్చి, ఆ తరువాతనే అంకె మార్చుట న్యాయము.

అంకె ఒక్కటియే చాలదనుటకు బంగ్లాదేశ్ సాక్ష్యము. 1980 ప్రాంతములలో వరదలకు తడిసి పసుపు వన్నె తగ్గగా, అక్కడి వ్యాపారులు లెడ్ క్రోమేట్ పట్టించుట మొదలుపెట్టిరి. కిలోకు 2.5 మిల్లీగ్రాముల హద్దు పుస్తకములో ఉన్నను అలవాటు ఆగలేదు. 2019లో ప్రభుత్వము మార్కెట్లలో తనిఖీ జరిపి, జరిమానాలు వేసి, ఊరూర ప్రచారము చేసినది. ఆ యేడు నూటికి 47 నమూనాలలో కనిపించిన సీసము 2021 నాటికి ఒక్క నమూనాలోను కనిపించలేదు.

మన నిజామాబాదులోను, దుగ్గిరాలలోను ఇట్లే జరుగవలెను. తనిఖీ పట్టణపు దుకాణముల వద్దనే గాక, పాలిషు పట్టు చోటను, యార్డులోను జరుగవలెను. అంతకంటె ముఖ్యము, ధర పైమెరుగును బట్టి గాక, తేమను, కుర్కుమిన్ శాతమును బట్టి కట్టవలెను. మెరుగునకు ధర ఉన్నంత కాలము రంగు పొడికి గిరాకి ఉండనే యుండును.

మీ వంతుగా కొమ్ములను సమముగా ఉడికించి, శుభ్రమైన కళ్లముపై తేమ నూటికి 12 మించకుండ ఆరబెట్టుడు. వాన సూచన ఉన్నచో పట్టాలు కప్పుడు. పాలిషు పట్టించునపుడు దగ్గర నిలబడుడు. అనుమానమైనచో ఒక కొమ్మును గాజు గ్లాసు నీటిలో వేసి చూడుడు. వెంటనే రంగు దిగినచో అది పట్టించిన రంగు. సీసము ఎంతయో మాత్రము ప్రయోగశాలయే చెప్పవలెను. గ్రామోద్యోగులు ఇట్టి పొడి అమ్ముచున్న చోట్లు తెలిసిన వెంటనే ఆహార భద్రతాధికారికి తెలియజేయవలెను.

ఆ పెద్దాయనకు నా పూర్తి సమాధానము ఇది: అయ్యా, మీ రాశికి తక్కువ పలికినది ఒక ఏటి నష్టము. వచ్చే ఏడు పట్టా కప్పి దానిని తప్పించుకొనవచ్చును. బిడ్డ మెదడుకు తగిలిన నష్టము ఏ ఏటికిని పూడదు. ఆ పొడి కొంచెము కూడ వద్దు.