మినప మిల్లునకు మార్చి నెల

కృష్ణ పశ్చిమ డెల్టాలో వరికోతకు కొలదిదినములు ముందుగా, చేలో తడి యాఱకమునుపే, నిలిచియున్న పైరునడుమ మినుములు వెదజల్లు పద్ధతి మన రైతులకు చిరకాలముగా నలవడినది. దుక్కితో పనిలేదు, మాగాణిలో మిగిలిన తేమతోను, శీతకాలపు మంచుతోను ఎదిగి, ఆ పైరు ఫిబ్రవరి, మార్చి మాసములలో కళ్ళమునకు వచ్చును. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల మినప మిల్లులకు ఈ స్వల్పకాలపు రాబడియే జీవనాధారము. వాడుక యన్ననో పండ్రెండు మాసములును గలదు. గారెలు పండుగలకు వేచియుండవచ్చునేమో గాని ఇడ్లీకి ఋతుభేదము లేదు.

కొనుగోలు రెండు నెలలలోను, అమ్మకము సంవత్సరము పొడుగునను జరుగు ఈ వ్యాపారములో అభివృద్ధి కోరు చిన్న యజమాని మొట్టమొదట ఆలోచింపవలసినది నిల్వసరుకునకు కావలసిన ధనమునుగూర్చియే యని నా దృఢాభిప్రాయము. కాని లోకములో జరుగుచున్నది వేఱు. తెనాలి మినపగుళ్ళనగానే డబుల్ హార్స్ పేరు తలచు ఇండ్లు తెలుగునాట అనేకము. ఆ ఖ్యాతిని చూచిన చిన్న మిల్లువారు తామును సంచిపై పేరచ్చు వేయింపవలెననియు, రంగుమారిన గింజను ఏఱిపాఱవైచు సార్టెక్స్ యంత్రమును తేవలెననియు ఉత్సహించుట సహజమే. యంత్రము వచ్చును, వాయిదాలును వెంటనే వచ్చును, మార్చిలో సరుకు చౌకగా దొరకునప్పటికి చేతిలో పైకముండదు, ఆగస్టులో కమీషను వ్యాపారియొద్ద అరువునకు, అతడు చెప్పిన ధరకు, కొనవలసివచ్చును. ఇట్లు నలిగిన మిల్లులను నేను చూచితిని. వానికి కొనువారు లేక కాదు, కొనుటకు పైకము లేక ఆగినవి.

లెక్క వేసి చూతము. నెలకు నూఱు క్వింటాళ్ళ మినుము ఆడించు మిల్లు రెండువందలకు పెరుగదలచినదనుకొనుడు. ఏటికి 2,400 క్వింటాళ్ళు కావలెను. అందు మూడవవంతు, అనగా 800 క్వింటాళ్ళు, కోతకాలముననే కొని నిలుపవలెనన్నచో, 2025-26కు కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతుధర క్వింటాలునకు 7,800 రూపాయల చొప్పున 62,40,000 రూపాయలు కావలెను. పాత పరిమాణమునకు దీనిలో సగము చాలియుండెడిది. యంత్రపు వెలను వ్రాసికొన్న యజమాని ఈ 62,40,000 రూపాయల సంఖ్యను చిట్టాలో ఎక్కడ వ్రాసెను? పెక్కుచోట్ల ఆ పుట తెల్లగానే యున్నది.

మూడవవంతే యేల, సర్వమును ఒక్కమాఱే కొనరాదా యని యడుగవచ్చును. కొనరాదు. మన మినుము ధర మన చేలలోనే నిర్ణయమగునది కాదు. బర్మానుండి ఓడలలో వచ్చు సరుకు దానిని దించును, మనచేలలో పల్లాకు తెగులు దానిని ఎత్తును. అదిగాక 2023 జూను 2వ తేదీని కేంద్రప్రభుత్వము కంది, మినుముల నిల్వలకు పరిమితి విధించి, మిల్లులు గడచిన మూడు నెలల ఉత్పత్తికి గాని, వార్షిక సామర్థ్యములో 25 శాతమునకు గాని, ఏది యెక్కువయైన దానికి మించి నిలుపరాదని శాసించినది. మార్చిలో నాలుగు నెలల సరుకు మాత్రమే కొని, జూను నాటికి అందు సగము ఆడించి యమ్మినవానికి అట్టి ఉత్తర్వువలన భయము లేదు.

ఇక రావలసిన బాకీల సంగతి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము చిన్న ఉత్పత్తిదారునకు 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెను. జాగుచేసిన కొనుగోలుదారు రిజర్వు బ్యాంకు రేటునకు మూడురెట్లు వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా, ఇచ్చుకొనవలెను. చిన్నసంస్థగా ‘ఉద్యం’ నమోదు చేయించుకొన్న మిల్లునకు ఈ హక్కు కలదు. మొగమాటముచేత దానిని విడిచి, బస్తా కొకింత వడ్డీ తానే భరించుచున్న యజమాని, తన అభివృద్ధికి కావలసిన ధనమును పరుల కొట్లలో నిలువయుంచినవాడగుచున్నాడు.

ప్రభుత్వపు పథకములును నిల్వసరుకు ధనము విషయమున తప్పుదారి చూపుచున్నవని చెప్పక తప్పదు. చిన్న ఆహారపరిశ్రమలకై 2020లో ఏర్పడిన కేంద్రపథకము యంత్రములు మొదలగు మూలపెట్టుబడిలో 35 శాతము, పది లక్షలకు మించకుండ, రాయితీగా నిర్ణయించినది. మేలే, కాని రాయితీ యంత్రమునకు గలదు, మినుమునకు లేదు. గిడ్డంగి రసీదుపై అప్పు పొందు సౌకర్యమును 2007 నాటి గిడ్డంగుల చట్టము కల్పించినను, మన చిన్న మిల్లువారిలో దానిని వాడుకొనువారు నాకు కనబడినది తక్కువ.

కావున మిల్లు యజమానులారా, పెంపు కోరుదురేని సంక్రాంతికి ముందే సరుకు లెక్కతో బ్యాంకునకు పొండు. బ్యాంకు అధికారులారా, ఆ దరఖాస్తును ఫిబ్రవరి వెళ్ళకమునుపే పరిష్కరింపుడు. మార్చి దాటినపిమ్మట మంజూరైన అప్పు మా మిల్లులకు అక్కఱకు రాదు.