చివరి రోజున బస్సు దిగండి!

విద్యార్థులారా!

డిసెంబరు, జనవరి నెలలు వచ్చాయంటే మా మోపిదేవి దారిలో విహారయాత్ర బస్సులు వరసగా కనిపిస్తాయి. కొల్లేరు చూసి, గుడివాడ మీదుగా మచిలీపట్నం చేరి, అక్కడినుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి హంసలదీవి దాకా వెళ్ళే బస్సులవి. ముందు సీటు దగ్గర గైడు మైకు పట్టుకుని, "అదుగో, కుడిచేతి వైపు చూడండి!" అంటూ ఉంటాడు. మొదటి రోజున అందరి తలలూ ఒక్కసారిగా కుడివైపు తిరుగుతాయి. మూడో రోజుకు సగం మంది కిటికీలకు ఆనుకుని నిద్రపోతూ ఉంటారు. మిగతా సగం మంది అంత్యాక్షరిలో మునిగి ఉంటారు.

ఇందులో తప్పు మీది కాదు. యాత్ర కార్యక్రమం వేసిన తీరులోనే ఉంది. మిగిలిపోయిన ప్రదేశాలన్నిటినీ చివరి రెండు రోజుల్లో కుక్కుతారు. ఒక్కో చోట అరగంట. హంసలదీవిలో మిట్టమధ్యాహ్నం దిగడం, ఫొటోలు తీసుకోవడం, పులిహోర పొట్లాలు విప్పడం, మళ్ళీ బస్సెక్కడం. ఇంటికి వచ్చాక "ఏం చూశావురా?" అని అడిగితే ఊళ్ళ పేర్లు తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చిత్తడి నేలల యాత్రలో చివరి రోజును ఒకే ఒక్క చోట గడపాలి. నిండు పోటు నుంచి పూర్తి ఆటు దాకా, అంటే సుమారు ఆరు గంటలపాటు, ఒక ఉప్పునీటి పాయ ఒడ్డున నిలబడి చూడాలి. నాలుగు ఊళ్ళు తగ్గినా ఫరవాలేదు. ఎందుకంటారా? చెబుతాను.

చిత్తడి నేల అంటే పూర్తిగా నేలా కాదు, పూర్తిగా నీరూ కాదు. ఏడాదిలో కొంతకాలమో, రోజులో కొన్ని గంటలో నీరు వచ్చిపోయే చోటు. దాని అసలు పని ఆ రాకపోకల్లోనే ఉంది. కొల్లేటినే తీసుకోండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదనీటిని అది గిన్నెలా పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. చిత్తడి నేలల రక్షణ కోసం 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కింద కొల్లేరు 2002లో గుర్తింపు పొందింది. అయితే కొల్లేరు నిండటం, తీయడం నెలల మీద జరిగే పని. బస్సు ఆపి చూస్తే మీకు ఆటపాక పెలికాన్ పక్షులు కనిపిస్తాయి గాని, సరస్సు పని చేయడం కనిపించదు.

యాత్ర చివరి రెండు రోజులు సముద్రం పక్కన గడుస్తాయి. అక్కడ అదే పని రోజుకు రెండుసార్లు జరుగుతుంది. మీ కళ్ళముందే!

చివరి రోజుకు ముందురోజు మచిలీపట్నం వద్ద మంగినపూడి తీరం చూపిస్తారు. అక్కడ ఇసుకకు బదులు నల్లమట్టి ఉంటుంది. గైడు ఆ మాట చెప్పి ఊరుకుంటాడు. మీరు మాత్రం "ఈ మట్టి ఎక్కడిది?" అని అడగండి. మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, కృష్ణానది వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రుతోనే ఈ డెల్టా ఏర్పడింది. మీరు పొద్దున్నుంచీ దాటిన పొలాలన్నీ ఆ ఒండ్రే. ఇప్పుడు ఆ ఒండ్రులో చాలా భాగం నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల్లో ఆగిపోతోంది. అందువల్ల డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురవుతోంది. ఈ సంగతి మనసులో ఉంచుకుని మర్నాడు హంసలదీవికి రండి.

ఇక ఆ ఆరు గంటల్లో ఏం కనిపిస్తుందో చూద్దాం.

మొదటి గంట: పాయ నిండుగా ఉంటుంది. మడ చెట్లు నీళ్ళలో తేలుతున్నట్లుంటాయి. సెంటీమీటర్లు గుర్తు పెట్టిన కర్ర ఒకటి ఒడ్డు పక్కన గుచ్చి, అరగంటకోసారి నీటిమట్టం రాసుకోండి. మొదట్లో నీరు తగ్గుతున్నట్లే ఉండదు.

మూడో గంట: నీరు గబగబా తీస్తుంది. బురదలోంచి పెన్సిళ్ళు నిలబెట్టినట్లు వందలకొద్దీ వేళ్ళు పైకి కనిపిస్తాయి. అవే మడ చెట్టు శ్వాసవేళ్ళు. బురదలో గాలి దూరదు. అందుకే వేళ్ళు పైకి పెరిగి గాలి పీల్చుకుంటాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ముక్కు మూసుకోకండి! మీరు ప్రయోగశాలలో చదివిన హైడ్రోజన్ సల్ఫైడు వాయువే అది. ఆక్సిజన్ లేని బురదలో బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని దాన్ని తయారుచేస్తాయి. ఆక్సిజన్ లేకపోవడం వల్లనే రాలిన ఆకులు పూర్తిగా కుళ్ళవు. వాటిలోని కార్బన్ చాలాకాలం బురదలోనే నిలవ ఉండిపోతుంది.

ఐదో గంట: బురద మీద సందడి మొదలవుతుంది. ఒక డెక్క పెద్దగా, ఒకటి చిన్నగా ఉన్న పీతలు బొరియల్లోంచి వస్తాయి. బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. పక్షులు దిగుతాయి. పొట్టి ముక్కుది పైపైన ఏరుకుంటుంది, పొడవు ముక్కుది లోతుగా గుచ్చుతుంది. ఒకే బురదలో ఎవరి అంతస్తు వారిదన్నమాట. బావురు పిల్లి మాత్రం కనిపించదు. అది రాత్రిపూట చేపలు పట్టే జంతువు. దానికి ఆశ్రయమిచ్చే కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఈ నదీముఖాల వద్దనే, దాదాపు 195 చదరపు కిలోమీటర్లలో ఉంది.

ఆరో గంటకు నీరు తగ్గే వేగం మళ్ళీ మందగిస్తుంది. మీ కొలతలతో గ్రాఫు గీయండి. మెల్లగా, జోరుగా, మళ్ళీ మెల్లగా దిగే నున్నటి వంపు వస్తుంది. చంద్రుడు, సూర్యుడు కలిసి మీ నోటుపుస్తకంలో గీసిన గీత అది!

బాగానే ఉంది గాని, దీనికోసం ఒక రోజంతానా అంటారేమో. ఈ బురద విలువ తెలియకపోతే ఏమవుతుందో మా దివిసీమకు తెలుసు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పైవేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనకు ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. వేలాది ప్రాణాలు పోయాయి. అవనిగడ్డలో ఆ మృతుల స్మారకం ఉంది. మీ బస్సు దాని పక్కనుంచే వెళుతుంది.

మడ అడవి ఉంటే ఉప్పెన రాదని నేననను. అది శాస్త్రం కాదు. కాని ఆ చెట్ల మధ్య నీటి జోరు తగ్గుతుంది. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన పెనుతుపాను తర్వాత, కేంద్రపడా జిల్లాలోని వందలాది గ్రామాల లెక్కలను పరిశోధకులు పరిశీలించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట తక్కువ మంది చనిపోయారని 2009లో ప్రకటించారు. ముందస్తు హెచ్చరికలు ఇంకా ఎక్కువ ప్రాణాలు కాపాడాయని కూడా వారే చెప్పారు. రెండూ కావాలన్నమాట.

అయినా మన తీరంలో 1990ల నాటి రొయ్యల సాగు జోరులో మడ అడవులు చాలాచోట్ల చెరువులయ్యాయి. ఆ భూమిని "పనికిరాని బురద" అన్నవాళ్ళు చదువురానివాళ్ళేం కారు. అది పని చేస్తుండగా నిలబడి చూసినవాళ్ళు కారు, అంతే. తర్వాత అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ గ్రామస్థులతో కలిసి పాడైన చోట్ల మళ్ళీ మడ పెంచాయి. ముందు చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీరు వచ్చిపోయేలా చేశాకే మొక్కలు నాటారు. ఆటుపోట్లు అర్థమైనవాళ్ళకే ఆ ఉపాయం తోస్తుంది.

మీ పెద్దలు చెప్పగల అభ్యంతరాలు నాకు తెలుసు. "డబ్బు కట్టింది నాలుగు ఊళ్ళు చూడటానికి గదా?" అంటారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి తెల్లవారుజామునే దర్శించుకుని బయల్దేరినా రోజు మిగులుతుంది. "ప్రమాదం కాదా?" అంటారు. ఇది సరైన ప్రశ్న. నదీముఖంలో ప్రవాహం మోసం చేస్తుంది. అందుచేత నీటిలో దిగకూడదు. ఒడ్డుననే ఉండాలి. అటవీశాఖ అనుమతి, ఆ ఊరి జాలరి తోడు ఉండి తీరాలి. తెలియని చెట్టు కొమ్మ విరవకూడదు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

ఇంకొక్క మాట. బస్సు గడియారాన్ని బట్టి నడుస్తుంది, పోటు చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. అది రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పున్నమికి ఎక్కువగా లేస్తుంది. కనుక యాత్ర తేదీ వేసే ముందే పోటు వేళలు తెలుసుకోవాలి. పంచాంగం, పోటు వేళల పట్టిక, జాలరి, ముగ్గురినీ అడగవచ్చు.

ఈ సంవత్సరం మీ బడిలో యాత్ర మాట వచ్చినప్పుడు, మీ సైన్సు మాష్టారిని గాని టీచరమ్మను గాని అడగండి: "చివరి రోజున పోటు ఎన్ని గంటలకండీ?" ఆ ఒక్క ప్రశ్నతో కార్యక్రమం మారుతుంది. మీతో ఒక కర్ర, ఒక నోటుపుస్తకం, ఒక టోపీ ఉంటే చాలు. రేపు మీలో కొందరు ఇంజనీర్లు, కలెక్టర్లు, రైతులు అవుతారు. తీరంలో ఫలానా బురదను ఏం చేయాలన్న కాగితం ఎప్పుడో ఒకరోజు మీ ముందుకు వస్తుంది. సంతకం పెట్టే ముందు ఆ ఆరు గంటలు మీకు గుర్తుకు రావాలి.