మాఫీ కాదు, మాట నిలబెట్టుకోండి

పోయిన శనివారం రాత్రి స్టడీ అవర్ అయ్యాక మన డైనింగ్ హాల్లో జరిగిన చర్చ మీకు గుర్తుండే ఉంటుంది. "చదువు అప్పులు మాఫీ చేయాలా, వద్దా?" అనే అంశం మీద సోషల్ సార్ మనల్ని రెండు జట్లు చేశారు. నేను "చేయాలి" అన్న జట్టులో మాట్లాడాను. మా జట్టు ఓడిపోయింది. ఓడినందుకు బాధ లేదు. కానీ ఆ రాత్రి పడుకున్నాక, చెప్పాల్సిన అసలు మాట నేను చెప్పనే లేదనిపించింది. అందుకే ఎడిటర్‌ని అడిగి మరీ ఈ నెల గోడపత్రికలో చోటు తీసుకున్నాను. చేతిరాత బాగోకపోతే క్షమించండి, విషయం మాత్రం చివరిదాకా చదవండి.

ఆ రోజు చర్చంతా అమెరికా చుట్టూనే తిరిగింది. ఎందుకంటే చదువు అప్పుల మాఫీ అనే మాట ఎక్కువగా వినిపించింది అక్కడే. కాబట్టి ముందు ఆ కథ చెప్పి, తర్వాత మన ఊరికి వస్తాను.

1957లో రష్యా వాళ్లు స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపారు. అమెరికా వాళ్లకి కంగారు పుట్టింది. మన పిల్లలు చదువులో వెనకబడిపోతున్నారని చెప్పి 1958లో ఒక చట్టం చేసి, కాలేజీ విద్యార్థులకు తక్కువ వడ్డీకి అప్పులివ్వడం మొదలుపెట్టారు. ఆ చట్టంలో ఒక మంచి ముక్క ఉంది. అప్పు తీసుకుని చదివినవాడు ప్రభుత్వ బడిలో టీచరుగా చేరితే, ఏడాదికి పదో వంతు చొప్పున అయిదేళ్లలో సగం అప్పు కొట్టేసేవారు. అంటే మాఫీ అనేది నిన్న మొన్న పుట్టింది కాదు. పిల్లలకి చదువు చెప్పినందుకు బదులుగా మొదలైంది.

1965లో జాన్సన్ ప్రెసిడెంటుగా ఉండగా ఉన్నత విద్య కోసం ఇంకా పెద్ద చట్టం వచ్చింది. ఆయన కుర్రతనంలో టెక్సాస్‌లో కొటులా అనే చిన్న ఊళ్లో, మెక్సికన్ కూలీల పిల్లలు చదివే బడిలో టీచరుగా పనిచేసిన మనిషి. 1972లో పేద విద్యార్థులకు తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు కూడా పెట్టారు. దాన్ని ఇప్పుడు పెల్ గ్రాంటు అంటారు. 1970ల మధ్యలో ప్రభుత్వ కాలేజీలో నాలుగేళ్ల చదువు ఖర్చులో మూడొంతులకి పైగా ఆ గ్రాంటే సరిపోయేదట. ఇప్పుడు సుమారు మూడో వంతుకే వస్తోంది. గ్రాంటు తాబేలులా నడిచింది, ఫీజులు కుందేలులా పరిగెత్తాయి. మన కథల పుస్తకంలోలాగా ఈ కుందేలు మధ్యలో నిద్రపోలేదు. ఆ తేడా అంతా అప్పుతోనే పూడ్చుకున్నారు.

ఫలితం ఏమిటి? 2023 నాటికి అక్కడ కేంద్ర ప్రభుత్వానికి చదువు అప్పు బాకీ ఉన్నవాళ్లు 4 కోట్ల మందికి పైనే. మొత్తం బాకీ సుమారు 1,60,000 కోట్ల డాలర్లు. 2022 ఆగస్టులో ప్రెసిడెంట్ బైడెన్ ఒక్కొక్కరికి 10 వేల డాలర్ల వరకు, పెల్ గ్రాంటు తీసుకున్న పేదవాళ్లకయితే 20 వేల డాలర్ల వరకు మాఫీ అని ప్రకటించారు. 2023 జూన్ 30న అక్కడి సుప్రీం కోర్టు, ఆరుగురు జడ్జీలు ఒకవైపు ముగ్గురు ఒకవైపు ఉండి, అది చెల్లదని కొట్టేసింది. ఆశపెట్టుకున్నవాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు.

ఇంకోటి చెప్పాలి. పదేళ్లు ప్రభుత్వ ఉద్యోగమో సేవా సంస్థలో ఉద్యోగమో చేస్తూ 120 వాయిదాలు కట్టినవాళ్లకి మిగతా అప్పు తీసేస్తామని 2007లోనే చట్టం చేశారు. పదేళ్లు తిరిగి జనం దరఖాస్తులు పెట్టుకుంటే, మొదట్లో నూటికి 99 మందికి కాదన్నారు. ఫారం సరిగా లేదనీ, అప్పు రకం వేరనీ, వాయిదా లెక్క తప్పనీ సాకులు. 2021లో రూల్సు సడలించాకే లక్షల మందికి న్యాయం జరిగింది. అయ్యా, అమెరికాలో కూడా కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం ఉందన్నమాట!

ఆ రోజు ఎదుటి జట్టు మిత్రుడు ఒక ప్రశ్న అడిగాడు. "అప్పు చేసి పూర్తిగా కట్టేసినవాడి సంగతేమిటి? కట్టనివాడికి మాఫీ ఇస్తే కట్టినవాడు వెర్రివాడా?" అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఆ ప్రశ్న న్యాయమైనదే. మాఫీ ఎప్పుడు ఇచ్చినా ఎవరో ఒకరికి అన్యాయం జరిగినట్టే ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే అంతే మరి. అందుకే, అసలు చెయ్యి కాలకుండా చూడాలన్నది నా వాదన.

ఇక మన ఊరికి వస్తాను. మాఫీ అనగానే మనవాళ్లకి తెలిసింది రైతు రుణమాఫీ. 2008లో దేశమంతా కేంద్రం చేసింది. 2014 తర్వాత మన రాష్ట్రంలో కూడా చేశారు. కానీ రెండుసార్లూ పోయింది బ్యాంకు, సొసైటీ అప్పులే. సంతలో షావుకారు దగ్గర తెచ్చిన అప్పు ఏ జాబితాలోనూ లేదు. మన కొండల మీద బ్యాంకు అప్పు ఎంతమందికి ఉంది? షావుకారు అప్పు ఎంతమందికి ఉంది? మీ మీ ఇళ్లలో అడిగి చూడండి.

చదువు అప్పు సంగతీ అంతే. బ్యాంకులో విద్యా రుణం అడిగితే, ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు కావాలంటారు. మన దగ్గరున్నది అటవీ హక్కుల పట్టా. 2006 చట్టం ప్రకారం ఆ భూమి పిల్లలకి వస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు. అది మన మేలుకే పెట్టిన రూలు, నేను కాదనను. కానీ అమ్మడానికి వీల్లేని భూమిని ఏ బ్యాంకు తాకట్టు పెట్టుకుంటుంది? చిన్న అప్పుకి తాకట్టు అక్కర్లేదని రూలుంది. అయినా మేనేజరు "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగేసరికి మన నోరు పెగలదు.

"మనకి అప్పెందుకు? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది గదా" అంటారు కొందరు. ఉంది. అమెరికా పేదవాడికి లేనిది మనకుంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద, తల్లిదండ్రుల ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే గిరిజన విద్యార్థి ఖర్చులో నూటికి 75 రూపాయలు కేంద్రం, 25 రూపాయలు రాష్ట్రం పెట్టుకోవాలి. అది ఇచ్చిన ప్రభుత్వాలకి దండం పెడతాను. కానీ ఆ పేరే ఒకసారి చూడండి. రీయింబర్స్‌మెంట్ అంటే ముందు కట్టినదాన్ని వెనక ఇవ్వడం. ఆ ముందుకీ వెనక్కీ మధ్య ఎన్నాళ్లు? ఆ మధ్యలో డబ్బు ఎవరిది?

మా పెదనాన్న కొడుకు కథ చెప్తాను. అన్నయ్య కిందకి, అంటే మైదానానికి వెళ్లి ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్ చదివాడు. మా ఊళ్లో మొదటి ఇంజనీరు. చివరి ఏడాది ఫీజు ప్రభుత్వం నుంచి రాలేదు. ఉద్యోగానికి సర్టిఫికెట్లు కావాలి. కాలేజీ వాళ్లు "ముందు మీరు కట్టండి, అది పడ్డాక మీది మీకిచ్చేస్తాం" అన్నారు. పెదనాన్న షావుకారు దగ్గర కాఫీ పంట చూపించి 40 వేలు తెచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి 1,200. ఏడాదిన్నరకి ఫీజు పడింది. కాలేజీ వాళ్లు అన్నమాట ప్రకారం 40 వేలూ తిరిగిచ్చారు. అబద్ధం ఆడకూడదు, ఇచ్చారు. కానీ 18 నెలల వడ్డీ 21,600 అయింది. అది ఎవరివ్వాలి? ప్రభుత్వం రికార్డులో ఫీజు పూర్తిగా చెల్లించినట్టే ఉంది. కాలేజీ రికార్డులో బాకీ లేదు. అన్నయ్య పేరు మీద ఏ బ్యాంకులోనూ అప్పు లేదు. మా పెదనాన్న మాత్రం రెండేళ్లు కాఫీ గింజల్ని గిరిజన సహకార సంస్థకి అమ్మలేక, షావుకారు చెప్పిన రేటుకి అతనికే కొలిచాడు.

చర్చలో నేను చెప్పలేకపోయింది ఇదే మిత్రులారా. మన అప్పు ఏ కాగితం మీదా కనపడదు. కనపడని అప్పుని ఎవరు మాఫీ చేస్తారు? కాబట్టి మనకి కావలసింది మాఫీ కాదు. ఇస్తామన్న ఫీజు ఇస్తామన్న రోజుకి ఇవ్వడం.

ఇది అయ్యే పనేనా అంటారేమో. ఐ.ఐ.టి.ల సంగతి చూడండి. 2016లో అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకి పెంచారు. కానీ ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకి ట్యూషన్ ఫీజు పూర్తిగా మినహాయింపు. ముందు కట్టించుకుని వెనక ఇవ్వడం కాదు, అసలు అడగరు. ఎన్.ఐ.టి.ల్లోనూ అంతే. హాస్టలు, మెస్సు ఖర్చులు ఉంటాయి గానీ ట్యూషన్ ఫీజు కోసం సర్టిఫికెట్లు ఆపే పని లేదు. మన రాష్ట్రంలో 2021 నుంచి ఫీజు తల్లుల ఖాతాలో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీలకే ఇచ్చే పద్ధతికి తిరిగొచ్చారు. ఏ ఖాతాలో వేస్తారనేది నాకు పెద్ద విషయం కాదు. ఏ తారీఖున వేస్తారనేదే విషయం.

"ఊరికే ఇస్తే విలువ తెలీదు" అని ఇంకో మిత్రుడు అన్నాడు. ఇది ఊరికే ఇవ్వడం కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ అనే కాలేజీ ఉంది. మొదట అది సైన్యం కోట. తర్వాత అక్కడి ఆదివాసీ పిల్లల్ని పెట్టిన హాస్టల్ బడి. ఆ కాలపు అలాంటి బళ్లలో పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. 1911లో ఆ స్థలం రాష్ట్రానికి ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టారు. ఆదివాసీ పిల్లల దగ్గర ఎప్పటికీ ట్యూషన్ ఫీజు తీసుకోకూడదని. వందేళ్లు దాటింది, ఆ మాట ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని అక్కడ ఎవరూ మాఫీ అనరు. ఒప్పందం అంటారు.

మనకీ అలాంటి మాట ఒకటి ఉంది. రాజ్యాంగంలో 46వ అధికరణం తీసి చూడండి. బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాల, తెగల చదువుని ప్రత్యేక శ్రద్ధతో పెంచాలని రాజ్యానికి చెప్పింది. మన కొండల నీళ్లతో సీలేరులో, మాచ్‌ఖండ్‌లో కరెంటు తీస్తున్నారు. మన కాఫీ ఊళ్లు దాటి దేశాలు పోతోంది. మాఫీ అనే మాట తప్పు చేసినవాడి గురించి వాడేది. చదువుకోవడం తప్పు కాదు గదా!

అందుకే నా అభిప్రాయం ఇది. ఒకటి, గిరిజన విద్యార్థి ఫీజు పరీక్షల లోపే కాలేజీకి చేరాలి. రెండు, ఫీజు రాలేదని సర్టిఫికెట్లు ఆపకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. మూడు, ఆలస్యం ప్రభుత్వానిదయితే ఆ వడ్డీ కూడా ప్రభుత్వమే భరించాలి. నాలుగు, నిజంగా బ్యాంకు అప్పు చేసి చదివినవాళ్లు వెనక్కొచ్చి ఏజెన్సీ బడుల్లో పాఠం చెప్తే, 1958 నాటి అమెరికా పద్ధతిలో ఏడాదికింత అని కొట్టేయాలి. ఎదుటి జట్టు మిత్రుడి ప్రశ్నకి ఇదే నా జవాబు. అది ఊరికే మాఫీ కాదు, పనిచేసి తీర్చడం.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి. సంతకి కాలేజీ ఏజెంట్లు వచ్చి "ఫీజు గవర్నమెంటే కడుతుంది, నువ్వు సంతకం పెట్టు చాలు" అంటే, ఆ కాలేజీలో ల్యాబ్ ఉందో లేదో, లెక్చరర్ ఉన్నాడో లేడో చూడకుండా చేరిపోతున్నాం. అది మన పేరు మీద పోయే ప్రజల డబ్బు. ముందు ప్రభుత్వ కాలేజీలు చూద్దాం. చేరినవాడు మధ్యలో మానకుండా చదవాలి. మనం పారేసిన సీటు మన తమ్ముడికి రావలసింది.

చివరగా వార్డెన్ సార్‌కి, మేడమ్‌కి ఒక మనవి. స్కాలర్‌షిప్పులు చాలాసార్లు ఆగేది చిన్న కాగితాల దగ్గరే. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మార్కుల లిస్టులో ఇంకో పేరు. కులం సర్టిఫికెట్ లేదు, ఆదాయం సర్టిఫికెట్ పాతదయింది, బ్యాంకు ఖాతాకి ఆధార్ కలపలేదు. సీనియర్ ఇంటర్ వాళ్లు టి.సి. తీసుకుని వెళ్లేలోపే ఇవన్నీ ఒక ఆదివారం కూర్చోబెట్టి సరిచూపిస్తే, మాలో కొందరి తండ్రులకి షావుకారు గుమ్మం ఎక్కే పని తప్పుతుంది. రాసేపని మాకు అప్పగించండి సార్, మేమే చేస్తాం.

మా పెదనాన్నకి చదువు రాదు. కానీ ఆ 21,600 లెక్క నోటితో చెప్తాడు. ఈ వ్యాసం ఆయనకి చదివి వినిపించాలని ఉంది.

నా మాటతో ఒప్పుకోనివాళ్లు కోప్పడకుండా వచ్చే నెల గోడపత్రికకి జవాబు రాయండి. చర్చ మళ్లీ చేద్దాం. ఆలోచించండి మిత్రులారా!

— సీనియర్ ఇంటర్ విద్యార్థి