కాపలా చీమలు

మామిడి చెట్టు మీద ఎర్రచీమల గూడు కనిపించగానే మందు డబ్బా అందుకోవడం నాకు మింగుడుపడదు. కొన్ని చీమలు ఆకుల అంచులను దగ్గరికి లాగి పట్టుకుంటే, ఇంకొన్ని తమ పిల్లపురుగులను నోట కరిచి అటూ ఇటూ తిప్పుతాయి. ఆ పిల్లల నోటి పట్టుదారంతోనే గూడు కుట్టేస్తాయి. పనంతా ఆడచీమలదే. అవి తిరిగే కాయ మీద గుడ్లు పెట్టడానికి పండుఈగ జంకుతుంది. చైనాలో నారింజ రైతులు శతాబ్దాల క్రితమే ఈ గూళ్లు కొని, చెట్టుకూ చెట్టుకూ మధ్య వెదురు వంతెనలు వేశారు. కుడతాయి, నిజమే. పిండినల్లిని వెనకేసుకొచ్చే దుర్గుణమూ ఉంది. అయినా కోతలప్పటి చికాకుకు ఏడాది పొడుగు కాపలాను చంపుకుంటామా? మరీ భరించలేకపోతే ఒడిశా మయూర్‌భంజ్ వాళ్లను పిలవండి; ఈ చీమల పచ్చడికి 2024లో జీఐ గుర్తింపే తెచ్చుకున్నారు.