ఒకే వంటింట్లో మూడు వయసులు

ఆత్మకూరులో మా ఇంట్లో ఆడవాళ్ళం ముగ్గురం. పాపకు పదిహేను, నాకు నలభై ఏడు, మా అత్తమ్మకు డెబ్బై నాలుగు. ఒకరు గది తలుపు మూసుకుంటారు, ఒకరు ఊరికే చిరాకు పడతారు, ఒకరు అన్నం దగ్గర అలుగుతారు. ఎవరు ఏదో మీకు చెప్పక్కర్లేదు.

పోయినేడు దూరవిద్యలో డిగ్రీకి కట్టాను. అందులో మానవ వికాసం అని ఒక పేపరు ఉంది. కౌమారం నుంచి ముసలితనం దాకా మనిషి ఎట్లా మారుతూ పోతాడో చెప్పే పాఠాలు. "ఈ వయసులో నీకెందుకీ పరీక్షలు" అన్నారు మా ఆయన. సగం పుస్తకం అయ్యేసరికి నాకొకటి అర్థమైంది. ఈ చదువు టీచర్లకంటే ఇల్లాళ్ళకే ఎక్కువ అవసరం.

బిడ్డ పుడితే అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూచి కార్డులో రాస్తారు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేస్తాం. పెద్దమనిషి అయితే ఒక ఫంక్షను. ఆ తర్వాత ఆ మనిషి లోపల ఏం మారుతోందో ఎవరూ చూడరు. పదిహేనేళ్ళ పిల్ల ఎదురు చెబితే పొగరు అంటాం. కోపాన్ని పట్టి ఆపే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుందట. అది తెలిశాక నా అరుపులు పూర్తిగా ఆగాయని చెప్పను. తగ్గాయి.

అసలు తప్పు అత్తమ్మ విషయంలో చేశాను. మోకాలి ఆపరేషను అయ్యాక ఆమెను వంటింట్లోకి రానివ్వలేదు. "నువ్వు కూర్చో అత్తమ్మా, నేను చేస్తా కదా" అనేదాన్ని. ఆ ఎండాకాలం ఆవకాయ నేనే కలిపాను. రుచి చూడమంటే "బాగుందిలేమ్మా" అని ముఖం తిప్పుకున్నది. సేవ చేస్తుంటే ఈమెకింత మూతి ముడుపెందుకని లోపల ఉడికిపోయాను.

వార్నర్ షాయ్ అనే ఆయన అమెరికాలోని సియాటిల్‌లో 1956లో ఒక పరిశోధన మొదలుపెట్టి, అవే మనుషుల్ని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పరీక్షించాడు. వయసు మీదపడేకొద్దీ చురుకు తగ్గుతుంది కానీ మాట, అనుభవంతో వచ్చిన తెలివి చాలాకాలం నిలుస్తాయని తేలింది. అది చదివి పుస్తకం మూసేశాను. అత్తమ్మకు తగ్గింది మోకాలి సత్తువ. నేను లాగేసుకున్నది తగ్గని దాన్ని.

ఈ ఏడు వంటింట్లో కుర్చీ వేశాను. ఉప్పు, కారం, ఆవపిండి ఆమె చేతి కొలతే. మా అమ్మ ఉదయగిరి నుంచి తెచ్చిన కొయ్య గరిటెతో కలిపింది నేను. మూడుసార్లు తిట్టింది. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

అట్లాగని పుస్తకంలో ఉన్నదంతా ఒప్పుకోలేదు. ఎరిక్ ఎరిక్సన్ అనే ఆయన 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలు చేశాడు. కౌమారంలో 'నేనెవరు' అని తెలుసుకోవాలి, ఆ తర్వాతే మరొకరితో జత కట్టాలి అంటాడు. మన అమ్మలకు ఆ వరస కుదిరిందా? మా అమ్మకు పదిహేనుకే పెళ్ళి చేశారు. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లా అంతా అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, ముప్పై అయిదేళ్ళకు, రాత్రి బడిలో తన పేరు తను రాసుకుంది. ఆమె కౌమారం అప్పుడు మొదలైందేమో.

మా ఉదయగిరి వైపు దూబగుంట కథ మీకు తెలిసిందే. రాత్రి బడిలో, ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో సారా ఆపించిన పాఠం చదివారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు ముందు నడిచి తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. 1992లో అది ఊరూరా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పిల్లల తల్లులు, అత్తలు చేసిన పని అది. పెళ్ళయి పిల్లలు పుడితే ఎదుగుదల అయిపోయిందనే మాటకు దూబగుంటే జవాబు.

ఎరిక్సన్ పోయాక ఆయన భార్య జోన్, తొంభై దాటిన వయసులో, తొమ్మిదో దశను రాసి 1997లో ఆ దశల పుస్తకానికి చేర్చింది. తను ఆ వయసుకు చేరితే గానీ తెలియని సంగతులవి. ఆ పేజీ నాకు భలే నచ్చింది.

మొన్న ఒక బంధువు పాపకు సంబంధం ఉందంటూ వచ్చింది. "ఇప్పుడు మాట అనుకుంటే ఇంటరు కాగానే చేసెయ్యొచ్చు" అన్నది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "నాకూ చిన్నప్పుడే చేశారు. నేనేందో నాకు తెలిసేసరికి నలుగురు బిడ్డలు. దాన్ని చదవనీండి." గదిలోంచి పాప తలుపు తీసుకుని వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

మీ ఇంట్లో పెద్దామె చేతిలోంచి ప్రేమ పేరుతో ఏ పని తీసేశారో ఒకసారి చూసుకోండి. వీలైతే తిరిగి ఇచ్చేయండి. తిట్లు పడతాయి. పడనివ్వండి.