ఫోన్‌లో కనిపించే ఐపీ చూసి మోసపోకండి
సెట్టింగ్స్‌లో వైఫై వివరాలు తెరిస్తే చాలామందికి 192.168తో మొదలయ్యే ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. అది మీ రూటర్ ఇచ్చిన నంబరు మాత్రమే. పక్కింట్లోనూ అదే ఉండొచ్చు!

అసలు కథ రూటర్ పేజీలోని వాన్ ఐపీలో ఉంది. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోందన్నమాట. ఇక మామూలు పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. ఇది తెలియక మైన్‌క్రాఫ్ట్ సర్వర్ కోసం రెండు రాత్రులు రూటర్‌తో కుస్తీ పట్టా.

ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం సుమారు 430 కోట్లే, పంచుకోక తప్పదు, ఒప్పుకుంటా. కానీ కనెక్షన్ అమ్మేటప్పుడే చెప్పొచ్చు కదా? పాంప్లెట్ మీద స్పీడ్ మాత్రం ఇంతింత అక్షరాల్లో వేశారు. పబ్లిక్ ఐపీకి ఎక్స్‌ట్రా కట్టాలని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాకే తెలిసింది.