చదవలేకపోయినా చెరిపే హక్కు లేదు

శివరాత్రికి కడప జిల్లా లంకమల అడవిలోని నిత్యపూజకోనకు వెళ్లే భక్తులు బండలెక్కి, వంకలు దాటి, స్వామిని చూసి వస్తారు. పదహారు వందల ఏళ్ల కిందట కూడా జనం ఇలాగే వచ్చారనడానికి ఆ బండలే సాక్ష్యం. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగం డైరెక్టర్ కె. మునిరత్నం రెడ్డి బృందం 2025 తొలి నెలల్లో లంకమలలో దాదాపు 30 శాసనాలకు నకళ్లు తీసింది. క్రీ.శ. 4వ శతాబ్దం మొదలు 16వ శతాబ్దం దాకా వచ్చిపోయిన యాత్రికుల పేర్లు వాటిలో ఉన్నాయి. ఉత్తరాది నుంచి కాలినడకన వచ్చినవాళ్లూ ఉన్నారు. బ్రాహ్మిలో ఉన్నవి చదివారు, నాగరిలో ఉన్నవి చదివారు, తెలుగు సరేసరి. శంఖలిపిలో ఉన్నవి మాత్రం చదవలేదు. అది వాళ్ల చేతకానితనం కాదు. ఆ లిపిని ఇంతవరకు లోకంలో ఎవరూ నమ్మదగినట్టు చదవలేదు.

మెలికలు తిరిగిన గీతలు శంఖాల్లా కనిపిస్తాయి కాబట్టి దానికా పేరు. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ ఉత్తరకాశి దగ్గర బారాహాట్‌లోని త్రిశూలం మీద ఉన్న ఈ రాతను లోకం దృష్టికి తెచ్చాడు. మరుసటి ఏడాదే అశోకుడి బ్రాహ్మిని చదివేసిన ఆ మనిషి కూడా దీని దగ్గర ఆగిపోయాడు. మధ్యప్రదేశ్‌లోని ఉదయగిరి గుహల్లో ఉంది, బిహార్‌లోని ముండేశ్వరి గుడి దగ్గర ఉంది, ఇప్పుడు మన కోనలోనూ ఉందని తేలింది. అమెరికా పండితుడు రిచర్డ్ సాలమన్ దేశమంతటి నుంచి ఇలాంటి రాతల్ని పోగుచేసి పరిశీలించాడు. ఇవి చాలావరకు మనుషుల పేర్లు, అంటే ఒకరకం సంతకాలు అయి ఉండాలన్నాడు. చదివేశామని ముందుకొచ్చిన వారి వాదనలను ఆయనే ఒప్పుకోలేదు.

ప్రిన్సెప్ బ్రాహ్మిని ఎలా చదివాడో ఒకసారి తలుచుకోవాలి. సాంచీ స్తూపం చుట్టూ ఉన్న రాళ్ల మీద చిన్న చిన్న శాసనాలు వందలుగా ఉన్నాయి. వాటి నకళ్లన్నీ ముందు పరుచుకుని చూస్తే చాలా వాటికి చివర అవే రెండు అక్షరాలు కనిపించాయి. గుడికి భక్తులిచ్చే కానుకల మీద ఏం రాస్తారు? దానం అని రాస్తారు. అక్కడ పట్టు దొరికింది. తెలివి ఒక్కటే ఆ పని చేయలేదు. పోల్చి చూడటానికి ఎన్నో నకళ్లు ఉండబట్టే తెలివికి పని దొరికింది. ఈస్టర్ ద్వీపపు రొంగొరొంగొ రాత ఈనాటికీ మూగగా ఉండటానికి పెద్ద కారణం, అది చెక్కిన కొయ్యలు పాతిక ముప్పై కూడా మిగలకపోవడం. నిత్యపూజకోనలో ఒక్క శంఖలిపి రాత పోయినా, రేపు ఎవరో చదవబోయే దాంట్లోంచి ఒక ఆధారం పోయినట్టే.

ఈ పత్రిక అభిప్రాయం స్పష్టం. కడప జిల్లాలోని గుండ్ల మీద, గవుల్లో, కోనల్లో ఉన్న పురాతన రాతలు, చెక్కడాలు, బొమ్మలు చదవడం తర్వాతి మాట. ముందు వాటిని లెక్కపెట్టాలి, నకలు తీయాలి, చట్టం కిందికి తేవాలి, కాపలా పెట్టాలి. అంతదాకా ఆ చుట్టుపక్కల క్వారీకైనా, రోడ్డుకైనా, రిసార్టుకైనా అనుమతి ఇవ్వకూడదు.

జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే దారిలో ముద్దనూరు వస్తుంది. ఆ మండలంలోని చింతకుంట దగ్గర రాతి గుండ్ల నీడన ఎర్రరంగుతో వేసిన బొమ్మలున్నాయి. తెల్లరంగువి కొద్దిగా ఉన్నాయి. మూపురం ఎద్దులు, జింకలు, మనుషులు. భారతదేశపు శిలాచిత్రాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆస్ట్రియా పరిశోధకుడు ఎర్విన్ నోయ్‌మాయర్ వీటిని పండిత లోకానికి పరిచయం చేశాడు. ఊరివాళ్లకు ఆ పరిచయం అక్కర్లేదు. ఆ చోటును వాళ్లు ఎద్దుల ఆవుల గుండు అనే పిలుచుకుంటున్నారు. భీంబేట్కా తర్వాత ఇదే పెద్దదని కొందరంటారు. ర్యాంకుల గొడవ మనకెందుకు? పదో స్థానంలో ఉన్నా కాపాడాల్సిందే.

ఎద్దును ఎద్దని గుర్తుపట్టినంత మాత్రాన బొమ్మను చదివినట్టు కాదు. వేటకు ముందు గీశారా, వేటయ్యాక గీశారా? పండగకా, మొక్కుకా, వానలో గుండు కింద చిక్కుకుని కాలం గడవకా? ఒకే గుండు మీద ఎరుపూ తెలుపూ ఉన్నాయంటే మధ్యలో ఎన్ని తరాలు గడిచాయి? వీటికి జవాబులు బొమ్మలో ఎంత ఉన్నాయో, బొమ్మ కింది మట్టిలోనూ అంత ఉన్నాయి. అక్కడ దొరికే రాతి పనిముట్ల ముక్కలు, బూడిద, ఎర్రరాయి అరగదీసిన గుర్తులు, అన్నీ కలిపి చూస్తేనే కాలం తేలుతుంది. ఆ మట్టిని ఒక్కసారి గడ్డపారతో తిరగేస్తే ఇక దాన్ని ఏ శాస్త్రవేత్తా మళ్లీ పేర్చలేడు.

ఆ గడ్డపార పట్టుకుని తిరిగేవాళ్లు రాయలసీమలో కరువు కాదు. రాతి మీద సూర్యుడూ చంద్రుడూ కనిపిస్తే చాలు, కింద గుప్తనిధి ఉందని అమావాస్య రాత్రి తవ్వకానికి దిగుతారు. అదంతా పచ్చి అజ్ఞానం. దానం ఆచంద్రార్కం నిలవాలని శాసనం పైభాగాన సూర్యచంద్రుల్ని చెక్కడం మన దగ్గర వందల ఏళ్ల ఆనవాయితీ. ఆ రాయి కింద నిధి ఉండదు, దాని మీదే ఉంటుంది: ఏ రాజు, ఏ ఊరు, ఎంత భూమి, ఎవరి సాక్ష్యం. ఆవుల మందను కాపాడబోయి చచ్చిన ఊరి వీరుడి వీరగల్లునూ ఇలాగే పెళ్లగిస్తున్నారు. ఇలాంటి కేసుల్లో నిందితుల మీద తవ్వకం నేరం మోపి వదిలేస్తే చాలదు. పగిలిన రాయికి విలువ కట్టి, పురావస్తు చట్టం కింద కూడా కేసు పెట్టాలి.

చెడగొట్టేవాళ్లలో దొంగలే కాదు, అభిమానులూ ఉన్నారు. ఫొటోలో బొమ్మ బాగా పడాలని గుండు మీద నీళ్లు చల్లుతారు. తడి ఆరినప్పుడల్లా లవణాలు పైకి తేలి రంగును కప్పేస్తాయి. చెక్కిన గీత కనిపించడం లేదని సుద్దముక్కతో దిద్దుతారు. దిద్దింది మూలమో దిద్దినవాడి ఊహో తర్వాత చెప్పలేం. భక్తి ముదిరి పసుపు, నూనె, సున్నం పూస్తారు. ప్రేమికుల పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. నిజానికి నీళ్లు, సుద్ద ఏవీ అక్కర్లేదు. వాలుగా వెలుతురు పడేటట్టు రాత్రిపూట ఒక లైటు పెడితే అరిగిన గీత కూడా నీడతో లేచి కనబడుతుంది. వెలిసిన రంగును కంప్యూటర్‌లో వేరుచేసి చూపే డీ-స్ట్రెచ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వందల ఫొటోల్ని కలిపి గుండును ఉన్నదున్నట్టు త్రీడీలో నిలబెట్టే పద్ధతి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు తెలుసు. కావలసింది పని అప్పగించేవాళ్లు.

చదవగలిగిన రాయినే మనం ఎలా చూసుకున్నామో కలమళ్ల చెబుతుంది. ప్రొద్దుటూరు వాళ్లకు ఎర్రగుంట్ల మండలం కొత్త కాదు. అక్కడి కలమళ్ల చెన్నకేశవ సిద్ధేశ్వరాలయంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఉంది. క్రీ.శ. 575 నాటిదని చెప్పే ఆ శాసనమే మనకు దొరికిన తొలి తెలుగు శాసనం. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందని సభలు చేసుకున్నాం. ఆ హోదా గురించి మాట్లాడిన ప్రతి వేదిక మీదా కలమళ్ల పేరు మోగింది. అసలు రాయి మద్రాసు ఎగ్మూరు మ్యూజియంకు పోయిందని, అక్కడ మాయమైందని ఏళ్ల తరబడి ప్రచారం సాగింది. రాయి మాత్రం ఊళ్లోనే, గుడి ఆవరణలోనే ఉంది! పోయి చూసినవాడు లేకపోవడమే ఆ పుకారుకు ప్రాణం. 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నదీ ఆ కలమళ్ల దగ్గరే. అక్కడికి బొగ్గు వ్యాగన్లు లెక్క తప్పకుండా వస్తాయి. శాసనం చివర, ఈ దానాన్ని చెరిచినవాళ్లకు పంచమహాపాతకాలు అంటుకుంటాయని శాపం ఉంది. తెలుగులో మనకు మిగిలిన తొలి హెచ్చరికల్లో అదొకటి. భక్తి ఎక్కువైన జిల్లాలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అభివృద్ధి వద్దా అని అడిగేవాళ్లు ఉంటారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో నాపరాయి మీద, సున్నపురాయి మీద, సిమెంటు మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. వీటిని మూసేయమని ఎవరూ అనడం లేదు. తవ్వకముందు ఒకసారి చూడమంటున్నాం. చూడకుండా తవ్వితే ఏమవుతుందో బళ్లారి పక్కన కుప్పగల్లు కొండను అడగండి. కడపతో పాటు ఒకనాటి దత్త మండలాల్లో భాగమైన ఆ నేల మీద నవీన శిలాయుగపు మనుషులు నల్లరాతి మీద ఎద్దుల్ని, మనుషుల్ని వందలుగా చెక్కారు. తట్టితే గంటలా మోగే గుండ్లు కూడా అక్కడున్నాయి. 1892లోనే ఫ్రెడ్ ఫాసెట్ వాటి గురించి అచ్చులో రాశాడు. కేరళలోని ఎడక్కల్ గుహ చెక్కడాలను వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఆ పెద్దమనిషి పురావస్తు శాఖవాడు కాదు, పోలీసు అధికారి! వందేళ్ల ముందే పుస్తకానికెక్కినా కుప్పగల్లు కొండ గ్రానైటు క్వారీల బారినుంచి తప్పించుకోలేకపోయింది. కొన్ని చెక్కడాలు కంకరై పోయాయి.

అడ్డంకి వస్తే పని ఆగిపోతుందన్న భయానికి జవాబు మన జిల్లాలోనే ఉంది. చచ్చిపోయిందనుకున్న కలివికోడి 1986లో ఈ లంకమల చుట్టుపక్కలే మళ్లీ కనబడింది. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారిని మార్చారు. కాలువ ఆగిందా? ఆగలేదు. పిట్ట కోసం కాలువను మళ్లించిన ప్రభుత్వానికి బండ కోసం క్వారీ హద్దును రెండు వందల మీటర్లు జరపడం బరువు కాకూడదు. మహారాష్ట్ర కొంకణ తీరంలోని రాతి చెక్కడాలు 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో ఎక్కాయి. అక్కడ ఒక రాతి మీద తొలిచిన చిన్న గుంతలు సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయని పరిశోధకుల వాదన. ఆ వాదన నిలుస్తుందో లేదో తర్వాతి తరం తేలుస్తుంది. తేల్చడానికి రాయి అంటూ మిగిలింది కదా!

డబ్బు లేదనే మాట కూడా చెల్లదు. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. దాన్ని ఇండియా గ్రాండ్ కాన్యన్ అని ప్రచారం చేస్తున్నారు, చేయనివ్వండి. ఆ లోయను చూడటానికి వచ్చినవాళ్లు చింతకుంట దాకా రావాలంటే అక్కడ బొమ్మలు మిగిలుండాలి. సింధు లిపి చదివినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2025 జనవరిలో ప్రకటించారు. మన ప్రభుత్వం బహుమతులేవీ ప్రకటించనక్కర్లేదు. ఒక్కో స్థలానికి ఒక కాపలాదారు, ఒక కంచె, చేయకూడనివి చెప్పే ఒక బోర్డు చాలు. కానీ ముందు కాపలా, తర్వాతే ప్రచారం. కాపలా లేకుండా దారి వేయడం దొంగకు దారి చూపించడమే.

ఇక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ సాకు చెప్పలేదు. 1960 నాటి రాష్ట్ర చట్టం దాని చేతిలో ఉంది. రక్షిత స్థలంగా ప్రకటించడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. జాతీయ ప్రాముఖ్యం ఉన్న చోట్లకు కేంద్ర చట్టం వంద మీటర్ల నిషేధిత ప్రాంతం, ఆపైన మరో రెండు వందల మీటర్ల నియంత్రిత ప్రాంతం ఇస్తోంది. నిత్యపూజకోన, చింతకుంట రెండూ ఆ స్థాయికి తగినవే. గనుల శాఖ కొత్త లీజు ఇచ్చేటప్పుడు, పాతది పొడిగించేటప్పుడు పురావస్తు శాఖ స్వయంగా తిరిగి చూసి ఇచ్చిన పత్రం తప్పనిసరి చేస్తూ జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి. ఆఫీసులో కూర్చుని ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం పనికిరాదు.

సర్వే ఎవరు చేయాలి? కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, చరిత్ర చదివే పిల్లలున్నారు. వాళ్లకు దారి చూపడానికి జీవాల కాపరులున్నారు. ఏ గవిలో ఏ గీత ఉందో, ఏ బండ మీద కాలు జారుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాళ్లను ఫొటోకు నిలబెట్టి పంపేయకుండా రోజుకూలీ ఇచ్చి, నివేదికలో పేరు వేసి పనిలో పెట్టుకోవాలి. అడవిలోకి పోవడానికి అటవీ శాఖ అనుమతి కావాలి కాబట్టి ఆ శాఖ సిబ్బందీ బృందంలో ఉండాలి. స్థలాల పటం మొత్తంగా బయటపెట్టకూడదు. నిధుల వేటగాళ్లకు చేతికిచ్చినట్టవుతుంది. నకళ్లు మాత్రం ఏ పరిశోధకుడు అడిగినా ఇవ్వాలి. శంఖలిపిని చదవబోయేది కడపవాడే కానక్కర్లేదు, ఎక్కడివాడైనా కావచ్చు.

వానలు పడి ముళ్లపొదలు కమ్మితే గుండ్ల దగ్గరికి పోవడం కష్టం. చెట్లు ఆకు రాల్చిన నెలల్లోనే పని జరగాలి. కలెక్టరు ఉత్తర్వు, పురావస్తు శాఖ బడ్జెట్ కేటాయింపు ఆలోపే రావాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల శాసనసభ్యులు ముగ్గురూ పార్టీల సంగతి పక్కనపెట్టి ఒకే అర్జీ మీద సంతకం చేయాలి. మొదటి పేరాలో చింతకుంట ఉండాలి.